ఊదారంగు పూసిన కొవ్వొత్తి

సంచి అడుగున అమ్మ ముందు పాత శాలువా పరిచింది. దాని మీద రెండు జతల బట్టలు, వాటి సందులో సబ్బుపెట్టె, దువ్వెన, దగ్గుమందు సీసా. సీసా మూత వదులైందని దానికి గుడ్డపేలిక చుట్టి, తీగతో నాలుగు మెలికలు వేసింది. దండలు కట్టే చేతులు కదా, తీగ కనిపిస్తే ఊరుకోవు.

"ఆ మేజోళ్లు ఇలా ఇవ్వు" అంది.

కూతురు పిచ్చుక రెండు జతలు ఇచ్చింది. అమ్మ అటు తిరగ్గానే ఒక జత లాగేసి దిండు కింద దోపింది. ఊరెళ్లే మనిషి వస్తువు ఒకటి ఇంట్లో మిగిలిపోతే, దాని కోసమైనా ఆ మనిషి వెనక్కి వస్తుందని ఆమె నమ్మకం. ఎవరూ నేర్పలేదు. నాన్న వెళ్లిన రోజు తనవన్నీ పట్టుకుపోయాడు, చెవి మీద పెట్టుకునే పెన్సిలు ముక్కతో సహా. అందుకే తిరిగి రాలేదని తొమ్మిదేళ్ల పిల్ల తనకు తానే చెప్పుకుంది. ముప్ఫై ఏళ్లు వచ్చినా ఆ మాట వదల్లేదు.

పోయిన వారం మనం వీళ్లను ఎక్కడ వదిలామో ఒక్కసారి తలుచుకుందాం. ఇరవై ఒక్క ఏళ్ల కిందట, క్రిస్మస్‌కు ఇంకా నెల ఉందనగా, చర్చి గోపురానికి కట్టిన పెద్ద నక్షత్రం గాలికి ఊడిపడింది. కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ అమ్మ తమ్ముడు అక్కడికక్కడే పోయాడు. ఆ నక్షత్రం చేసిందీ, మేకులు కొట్టిందీ నాన్నే. "నీ మొహం నాకు చూపించకు" అంది అమ్మ. ఆయన చూపించలేదు. మళ్లీ మొన్న సోమవారం, ఏటి అవతలి నుంచి చర్చికి ఒక చెక్కపెట్టె వచ్చింది. అందులో కొత్త నక్షత్రం. దాని వెనక, చెక్కలు కలిసే చోట, పెన్సిలుతో గీసిన చిన్న పిచ్చుక బొమ్మ. కూతురికి ఆ ముద్దుపేరు పెట్టిన మనిషి తప్ప ఇంకెవరూ అది గీయరు. పెట్టెలో ఒక చీటీ కూడా ఉంది: 'ఇది చేసిన పెద్దాయన మా ముసలివాళ్ల ఆశ్రమంలో ఉన్నాడు. జబ్బు ముదిరింది. క్రిస్మస్ దాటడం కష్టమని డాక్టరు అంటున్నాడు.'

అమ్మ చీటీ రెండుసార్లు చదివి మడిచి, "శుక్రవారం పదకొండు గంటల బస్సు" అంది. అంతే. ఇంకో మాట లేదు.

ఈ రోజు శుక్రవారం. గోడగడియారం తొమ్మిదిన్నర దాటింది.

అమ్మకు తెలియనిది ఒకటి పిచ్చుకకు తెలుసు. అది చెప్పడానికి నాలుగు రోజుల నుంచి నోరు తెరుస్తోంది, మూస్తోంది. చెప్పకుండా పంపిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. తెలిసీ నోరు పెగలడం లేదు.

"ఆయన్ని ఒక్కటే అడుగుతాను" అంది అమ్మ, సంచి పక్కన పెట్టి పనిబల్ల ముందు కూర్చుంటూ. చర్చి తలుపుకు కట్టాల్సిన గుండ్రటి దండ ఒకటి మిగిలిపోయింది, చేతిలోకి తీసుకుంది. "ఒకే ఒక్క మాట. కొవ్వొత్తి వెలిగించాను కదయ్యా, ఎందుకు రాలేదు అని. దానికి జవాబు చెప్పి పొమ్మంటాను."

"జబ్బు మనిషి అమ్మా."

"నేనేం రాయినా? నాకు లేదా జబ్బు?"

ఆ కొవ్వొత్తి సంగతి ఇంట్లో ఎన్నిసార్లు వినబడిందో లెక్క లేదు. వెళ్లిపోయిన మూడు వారాలకు నాన్న కబురు పంపాడు: 'క్రిస్మస్ ముందరి నాలుగో ఆదివారం సాయంత్రం వస్తాను. నేను లోపలికి రావచ్చు అనుకుంటే, ఎప్పటిలాగే కిటికీలో కొవ్వొత్తి పెట్టు. వద్దనుకుంటే చీకటిగా ఉంచు. తలుపు కొట్టి నిన్ను బాధపెట్టను.' తమ్ముణ్ణి పోగొట్టుకున్న అమ్మ రెండు రోజులు అన్నం ముట్టకుండా కూర్చుని, మూడో రోజు లేచి, కిటికీ అద్దాలు తుడిచింది. ఆదివారం నాలుగున్నరకు తెల్ల కొవ్వొత్తి వెలిగించి, చర్చిలో దండలు సర్దడానికి వెళ్లింది. ఏడు గంటలకు తిరిగొచ్చేసరికి కిటికీలో కొవ్వొత్తి లేదు, గిన్నెలో కరిగిన మైనం ఉంది. పిల్లని అడిగింది. "అయిపోయిందమ్మా" అంది పిల్ల. సరే, చివరిదాకా వెలిగింది, మనిషే రాలేదు అనుకుంది అమ్మ. ఆ రోజు నుంచి కొవ్వొత్తి సంగతే తప్ప ఇంట్లో ఆయన పేరు ఎత్తలేదు.

అమ్మ వేళ్లు దండలో పచ్చకొమ్మలు దోపుతున్నాయి. చలికి అన్ని చెట్లూ మోడువారినా ఆకు రాల్చని చెట్టు కొమ్మలు అవి. వాటి మధ్య ముళ్లాకు, ముళ్లాకు మధ్య ఎర్రపళ్ల గుత్తి. ఊరంతా ఆమెను దండలమ్మ అంటారు. దండ కొనడానికి ఎవరొచ్చినా ఊరికే ఇచ్చి పంపదు, దానితో పాటు పాఠం కూడా అప్పగిస్తుంది. అర్థం తెలియకుండా గుమ్మానికి కడితే అది మేకకు మేత అంటుంది.

గుమ్మం దగ్గర బూట్లు దులిపిన చప్పుడైంది. గంటల తాత. చర్చిలో నలభై ఏళ్లుగా గంట కొట్టి కొట్టి ఆయనకు చెవులు పోయాయి. తనకు వినబడదు కనక లోకానికీ వినబడదని ఆయన అనుమానం. గుసగుసలాడినా వీధి చివర దాకా వినిపిస్తుంది.

"దండలమ్మా! సంచి సర్దుతున్నావా, ఇల్లు మోసుకెళ్తున్నావా?"

"నీ నోరు పట్టుకెళ్తే బాగుండు, ఏరు దాటించే పడవ వాళ్లకి కొమ్ముబూర అక్కర్లేదు" అంది అమ్మ.

"ఏంటీ?"

"కూర్చో అంటున్నా!"

తాత కూర్చోలేదు. పిచ్చుక దగ్గరకు వచ్చి, చెయ్యి అడ్డం పెట్టుకుని, తన లెక్కలో చాలా నెమ్మదిగా అడిగాడు. "చెప్పావా అమ్మాయ్? మీ నాన్న ఆ రోజు వచ్చాడని చెప్పావా?"

అమ్మ చేతిలో తీగ ఆగిపోయింది.

తాత ఇద్దరి మొహాలూ చూశాడు. వినబడకపోయినా చూపు బాగానే ఉంది ఆయనకు. "నేను... సంచి బయట పెడతా" అని సంచి అందుకుని, గడప తన్నుకుని, బయటికి వెళ్లిపోయాడు.

"ఏమన్నాడు?"

"అమ్మా..."

"ఏమన్నాడే?"

"ఆ ఆదివారం సాయంత్రం తాత గోపురం మీద ఉన్నాట్ట. ఐదున్నర గంట కొడుతున్నాట్ట. నాన్న వచ్చి మనింటికి ఎదురుగా, నీళ్ల పంపు దగ్గర నిలబడ్డాట్ట. గంట కొట్టినంతసేపూ మన కిటికీ వైపే చూశాట్ట. తర్వాత వెనక్కి తిరిగి వెళ్లిపోయాట్ట. నువ్వే రానివ్వలేదనుకుని తాత ఇన్నేళ్లూ ఎత్తలేదు. సోమవారం పిచ్చుక బొమ్మ చూశాక నాకు చెప్పాడు."

అమ్మ లేచి నిలబడింది. ఆమె మొహంలో ముందు వచ్చింది కోపం కాదు, వెలుగు. అది చూడలేక పిచ్చుక తల దించుకుంది.

"వచ్చాడా? వచ్చాడు! మరి వెలుగుతోంది కదే... ఐదున్నరకి సగం కూడా అయ్యుండదు. చూసి కూడా..." అని ఆగింది. వెలుగు ఆరిపోయింది. "చూసి కూడా వెళ్లిపోయాడన్నమాట."

ఇదిగో, పిచ్చుక భయపడింది ఈ మాటకే. ఈ మాట పట్టుకుని అమ్మ ఏరు దాటి వెళ్తుంది. చావుబతుకుల్లో ఉన్న మనిషి మంచం పక్కన నిలబడి, వెలిగించాను అంటుంది. లేదు చీకటిగా ఉంది అంటాడు ఆయన. ఇద్దరూ నిజమే చెబుతారు. ఇద్దరూ ఎదుటి మనిషి అబద్ధమనుకుంటారు. ఆయన అలాగే కళ్లు మూస్తాడు.

"అమ్మా, నన్ను పాఠం అడుగు."

"ఏంటి?"

"చిన్నప్పుడు అడిగేదానివి కదా. అడుగు."

"నీకు మతి గానీ పోయిందా? బస్సు..."

"అడగమ్మా, నీకు దణ్ణం పెడతాను. అలాగైతేనే నాకు నోరు వస్తుంది."

అమ్మ కూతుర్ని వింతగా చూసింది. బల్ల మీది దండ ముందుకు తోసి, ముప్ఫై ఏళ్ల మనిషిని తొమ్మిదేళ్ల పిల్లని అడిగినట్టే అడిగింది.

"దండకి మొదలెక్కడ?"

"లేదు."

"చివర?"

"లేదు. దేవుడి ప్రేమకి లేవు కనక. అందుకే ముడి కనబడకూడదు."

"పచ్చాకు?"

"చావులేని ప్రాణం."

"ముళ్లాకు?"

"ఆయన తలకి పెట్టిన కిరీటం. ఎర్రపళ్లు ఆయన రక్తం."

"కిటికీలో కొవ్వొత్తి?"

"ఆ రాత్రి ఆ తల్లికీ బిడ్డకీ సత్రంలో చోటు దొరకలేదు. మా ఇంట్లో ఉంది, రండి అని."

"దండలో కొవ్వొత్తులు?"

"నాలుగు. క్రిస్మస్ ముందరి నాలుగు ఆదివారాలకి. మూడు ఊదావి, ఒకటి గులాబీది. మొదటిది నిరీక్షణ, రెండోది సమాధానం, మూడోది సంతోషం, నాలుగోది..."

"ఊఁ?"

"ప్రేమ. నాలుగోది లేకపోతే ఏమవుతుందో కూడా నువ్వే నేర్పావు."

"దండ లేనట్టే" అంది అమ్మ, అలవాటుగా. అని, ఎందుకో బల్ల అంచు పట్టుకుంది.

పిచ్చుక గూట్లో, పాత గుండీల డబ్బా వెనక నుంచి ఒక కాగితం పొట్లం తీసింది. విప్పి బల్ల మీద పెట్టింది. బొటనవేలంత కొవ్వొత్తి ముక్క. ఊదారంగుది.

"ఆ రోజు నువ్వు చర్చికి వెళ్లాక ఇంట్లో కొవ్వొత్తుల దండ తుడుస్తున్నాను. ఐదింటికి వీధిలోవాళ్లు ప్రార్థనకి వస్తారు కదా, నాలుగోది వెలిగించాలి కదా అని. చెయ్యి తగిలి నాలుగోది కింద పడింది. రెండు ముక్కలైంది, వత్తి కూడా తెగిపోయింది. ఇంట్లో ఇంకోటి లేదు. దండ లేనట్టే అంటావు కదా నువ్వు. మావయ్య పోయిన ఏడాది దండ కూడా లేకుండా పోతే... నేను చాలా ఏడ్చానమ్మా. తర్వాత కిటికీలోది కనిపించింది."

అమ్మ కిటికీ వైపు తిరిగి చూసింది.

"దాన్ని ఊది ఆర్పేశాను. తెల్లగా ఉంటే తెలిసిపోతుందని ఊదారంగు ముడతల కాగితం తడిపి రుద్దాను. రుద్దితే రంగు పట్టింది. దండలో గుచ్చాను. అందరూ వచ్చారు, వెలిగించాం, పాటలు పాడాం. ఆరున్నర దాకా ఆ లోపలి గదిలోనే ఉన్నాం. ముందుగది చీకటి. నువ్వు వచ్చేసరికి దండ తీసి దాచేశాను."

అమ్మ ఆ ముక్కని చేతిలోకి తీసుకుంది. గోటితో గీసింది. ఊదారంగు పొరలా లేచింది. లోపల తెల్లగా ఉంది. ఇంకోచోట గీసింది. అక్కడా తెల్లనే. నమ్మలేనట్టు నాలుగు పక్కలా గీసి చూసింది. బల్ల మీది ముళ్లాకుల్లో ఊదారంగు పొట్టు రాలింది.

"నాన్న కబురు సంగతి నీకు తెలీదా అప్పుడు?" అంది చివరికి.

"తెలీదు. నువ్వు చెప్పలేదు. ఆ తర్వాత ఏడాదికి కదా చెప్పావు."

"చెప్పాక?"

"భయమేసింది."

"పెద్దయ్యాక?"

"నాన్న అసలు రాలేదనే కదమ్మా అనుకున్నాం! రాని మనిషికి దీపం ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అయినా ఆ ముక్క పారెయ్యలేకపోయాను. సోమవారం తాత చెప్పేదాకా... చెప్పినప్పటి నుంచీ నిద్ర లేదు నాకు. నువ్వు రమ్మన్నావు, ఆయన వచ్చాడు. మధ్యలో ఉన్నది నేనే."

"ఇరవై ఒక్క ఏళ్లు" అంది అమ్మ. "ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పి ఆయన పేరు దాటేశాను. రోజూ దాటేశాను. దేవుడికి కోపం వచ్చినా సరే అని దాటేశాను. పిలిస్తే రాని మనిషి అనుకున్నాను. ఆయన ఏమనుకున్నాడు? చీకటింటికి ఎదురుగా నిలబడి ఏమనుకున్నాడు? తమ్ముణ్ణి చంపినవాడికి చోటు లేదంది అనుకుని ఉంటాడు. ఆ మాట మోసుకుంటూ ఇన్నేళ్లు ఎక్కడ పడుకున్నాడు, ఏం తిన్నాడు..."

"అమ్మా."

"రాకు దగ్గరికి!"

పిచ్చుక ఆగిపోయింది.

అమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. చెయ్యి పైకి లేచింది, కొట్టడానికో ఆపడానికో ఆమెకే తెలియదు. "నీ మొహం నాకు..." అంది.

అని ఆగింది.

ఆ సగం మాట గదిలో అలాగే నిలబడిపోయింది. మిగతా సగం ఏమిటో ఇద్దరికీ తెలుసు. పూర్వం ఒకసారి ఇదే గదిలో, ఇదే బల్ల పక్కన ఆ మాట పూర్తిగా అంది అమ్మ. అన్నందుకు ఎంత పోగొట్టుకుందో ఇప్పుడు చేతిలో ఉంది, బొటనవేలంత. అమ్మ పెదవులు రెండుసార్లు కదిలాయి. మాట బయటికి రాలేదు. ఆమె రానివ్వలేదు. ఎంత కష్టపడి మింగిందో మెడ నరాలు చూస్తే తెలుస్తోంది.

కుర్చీలో కూలబడింది. పొడి దగ్గు వచ్చింది. పిచ్చుక నీళ్లు తెచ్చి చేతికివ్వడానికి ధైర్యం చాలక బల్ల మీద పెట్టింది. అమ్మ తాగింది.

"నేను కూడా వస్తానమ్మా. నేనే చెబుతాను నాన్నకి. కాళ్ల మీద పడి చెబుతాను."

"వద్దు."

"నువ్వొక్కదానివే ఆ పడవలో..."

"వద్దన్నాను." అమ్మ కొవ్వొత్తి ముక్కని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుంది. "నిన్ను చూస్తే ఆయన ఏడుస్తాడు. ఆయన ఏడుస్తే నేను చెప్పాల్సింది చెప్పలేను. ముందు నేను వెళ్లాలి. ఇది చేతిలో పెట్టి, గీసి చూపించి, చెప్పాలి. ఊపిరి ఉండగా చెప్పాలి."

"నన్ను..." అంది పిచ్చుక. క్షమించావా అని అడగబోయింది. అడిగే హక్కు లేదనిపించి ఆగిపోయింది.

అమ్మ వినిపించుకున్నట్టు లేదు. దండ దగ్గరకు లాక్కుని, కళ్లు తుడుచుకోకుండానే తీగ అందుకుంది. ఆఖరి నాలుగు కొమ్మలు దోపింది. రెండు కొసలూ కలిపింది. ముడి వెయ్యలేదు. అలాగే కూతురి వైపు తోసింది.

"ముడి నువ్వు వెయ్యి. కనబడకుండా వెయ్యి."

పదకొండుకు పది నిమిషాలుండగా ముగ్గురూ బస్సు దగ్గర ఉన్నారు. ఆకాశం బూడిదరంగులో కిందికి దిగి ఉంది. ఏటి మీద మంచు పట్టిందని, పడవలు ఆలస్యంగా నడుస్తున్నాయని కండక్టరు ఎవరితోనో అంటున్నాడు. పిచ్చుక అమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మా, రేపు వెళ్లకూడదూ? మంచు తగ్గాక..."

"రేపటికి ఆయన ఉంటాడని రాసిస్తావా?" అంది అమ్మ, మెట్టెక్కుతూ.

తాత సంచి అందించాడు. "దండలమ్మా! క్రిస్మస్‌కి వచ్చేయాలి! నువ్వు లేకపోతే దండలు నేను కట్టాలి, జనం గడ్డివాములనుకుంటారు!" అని అరిచాడు. బస్సులో అందరూ నవ్వారు. అమ్మ కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వు పిచ్చుకకు తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

బస్సు బయల్దేరింది. పిచ్చుక కిటికీ పక్కనే నడిచింది. ఏదో ఒక మాట కావాలి. తిట్టైనా ఫరవాలేదు. నడక కాస్తా పరుగైంది. అప్పుడు అద్దం పక్కకు జరిగింది.

"పిచ్చుకా!"

"ఆఁ అమ్మా!"

"ఈ రోజు నుంచే కిటికీలో పెట్టు. పొడుగుది పెట్టు. పొట్టిది తొందరగా అయిపోతుంది."

అంతే. అద్దం మూసుకుంది. బస్సు మలుపు తిరిగింది.

పిచ్చుక ఆ సాయంత్రమే పొడుగుది పెట్టింది. మర్నాడూ పెట్టింది. చర్చి దండకు ముడి వేసింది, కనబడకుండా. మూడో ఆదివారం గులాబీరంగుది వెలిగింది, నాలుగో ఆదివారం ఆఖరి ఊదాది వెలిగింది. ఏటి అవతల నుంచి ఒక్క కబురు లేదు. దిండు కింద మేజోళ్లు అలాగే ఉన్నాయి, రోజూ తడిమి చూసుకునేది. తాత గోపురం ఎక్కి, నాన్న చేసిన కొత్త నక్షత్రాన్ని తన చేతులతో కట్టాడు. నాలుగు మేకులు సరిపోయే చోట పన్నెండు కొట్టాడు.

క్రిస్మస్ ముందురోజు, సాయంత్రం నాలుగున్నరకు, పిచ్చుక అగ్గిపుల్ల గీసి కొవ్వొత్తి అంటిస్తుండగా అద్దం అవతల, నీళ్ల పంపు దగ్గర, ఎవరో నిలబడి ఉన్నారు. ముసలాయన. చేతికర్ర ఆనుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. చెవి మీద పెన్సిలు ముక్క ఉంది. రెండో చేతిలో సంచి ఉంది. సంచిలోంచి పైకి కనిపిస్తున్న సీసా మూతకు ఉన్న తీగ మెలికలు అమ్మ వేసినవి.

ఆమె తలుపు తీసుకుని చెప్పుల్లేకుండా వీధి దాటింది. నాన్న వెనక ఎవరూ లేరు. వీధి చివర దాకా చూసింది. ఎవరూ లేరు.

"పిచ్చుకా" అన్నాడు నాన్న. "మీ అమ్మ కొవ్వొత్తి సంగతి చెప్పే పోయిందమ్మా."

క్రిస్మస్ దాటడన్న మనిషి వచ్చాడు. అమ్మ రాలేదు. ఆ సాయంత్రం రాలేదు, ఆ తర్వాత ఏ సాయంత్రమూ రాలేదు. డిసెంబరు నెల, మూడో ఆదివారానికి ముందు శుక్రవారం, పదకొండు గంటల బస్సెక్కి వెళ్లిన దండలమ్మ ఆ ఇంటి గడప మళ్లీ తొక్కలేదు.